రెండు బోగీల మధ్య రబ్బరు దారి: గుంటూరు–బెజవాడ సీజన్ టికెట్ మీద ఏళ్ల వాడకం తర్వాత

ఇల్లు గుంటూరులో, ఉద్యోగం బెజవాడలో. మధ్యలో సుమారు 32 కిలోమీటర్లు, చేతిలో సీజన్ టికెట్. రైళ్ల గురించి రాసేవాళ్లు సీట్లు, ఏసీ, బాత్‌రూములు, టైముకి వచ్చిందా లేదా అన్నవే రాస్తారు. నేను రోజూ దాటే ఒక జాగా గురించి మాత్రం ఎక్కడా చదవలేదు. రెండు బోగీల మధ్య ఉండే దారి, దాని చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, కాళ్ల కింద ఇనప రేకులు. వెస్టిబ్యూల్ అంటారు, రోజూ కలిసి వెళ్లొచ్చే మా బ్యాచ్‌లో అందరం జాయింటు అనే అంటాం. పాత నీలం బోగీలు, ఎర్ర ఎల్‌హెచ్‌బీ బోగీలు (జర్మన్ డిజైన్‌తో వచ్చిన కొత్త రకం), మెము (దగ్గర ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి), వందే భారత్, ఈ నాలుగింటిలోనూ దాన్ని బాగా వాడాను కాబట్టి రాస్తున్నాను.

కూర్చున్న సీట్లోంచి లేవని వాళ్లకి ఈ జాగాతో పెద్దగా పనుండదు. రోజువారీ వాళ్లకి ఉంటుంది. గుంటూరులో మెట్లు దిగేసరికి ఎదురుగా ఏ బోగీ ఉంటే అందులో ఎక్కేస్తాం. బెజవాడలో మాత్రం ఓవర్‌బ్రిడ్జికి దగ్గరగా దిగాలి, లేకపోతే జనంలో ఇరుక్కుపోతాం, ఆఫీసుకి లేటు. అందుకని కృష్ణా కెనాల్ దాటగానే లేచి, బ్యాగు భుజాన వేసుకుని, లోపల్నించే బోగీలు దాటుకుంటూ వెళ్తాం. అంటే మేం జాయింట్లు దాటే టైమూ, బండి కృష్ణ వంతెన దిగి బెజవాడ యార్డులోకి మళ్లే టైమూ ఒకటే. ఈ రబ్బరు దారికి అంతకంటే కష్టకాలం ఇంకోటి లేదు. బండి తిన్నగా పోతున్నప్పుడు ఏ జాయింటైనా బాగానే ఉంటుంది. దాని అసలు సంగతి యార్డులోనే తెలుస్తుంది. ఈ సమీక్షలో నా కొలత అదే.

పాత బోగీల సంగతి ముందు. ఇవి పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) డిజైన్. ఆ ఫ్యాక్టరీ 1955లో మొదలైంది, ఈ పాత రకం తయారీ 2018 జనవరిలో ఆపేశారు. ఇంకా చాలా చోట్ల తిరుగుతూనే ఉన్నాయి. నేను ఎక్కువగా ఎక్కిన వాటిలో తొడుగు రబ్బరు పూత వేసిన దళసరి గుడ్డతో, హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉండేది. ఒక్కో బోగీ చివర ఒక్కో తిత్తి, దాని మూతికి ఇనప చట్రం. రెండు బోగీలు కలిపినప్పుడు ఆ రెండు చట్రాలనీ ఒకదానికొకటి బిగిస్తారు. తొడుగు కొత్తగా ఉన్నప్పుడు నాకు దానిమీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. గాలి రాదు, దుమ్ము రాదు, లైటు వెలిగితే పసిపిల్లని చెయ్యి పట్టుకుని దాటించొచ్చు.

పాతబడ్డాకే కష్టం. ముందు చిరిగేది పై మూలలు. మడత అక్కడే ఎక్కువగా వంగుతుంది, వాన నీళ్లు నిలిచేదీ అక్కడే. కార్తీకంలో తుఫాను పట్టిందంటే ఆ మూలల్లోంచి నీళ్లు సరిగ్గా నెత్తిన పడేవి. అయినా నీళ్ల బాధ నాకు చిన్నదే. పెద్దది కింద ఉండే రేకు.

తొడుగు ఎంత బాగున్నా మనం నడిచేది రేకు మీద. బోగీకొకటి చొప్పున రెండు రేకులుంటాయి, మడతబందు మీద వేలాడుతూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. బండి కదులుతుంటే పై రేకు కింది దాని మీద ముందుకీ వెనక్కీ, పక్కలకీ జారుతుంది. జారడానికే అలా పెట్టారు, అది లోపం కాదు. కానీ ఏళ్ల తరబడి జారి జారి అంచు పైకి లేస్తుంది. మీద ఉండే గళ్లు అరిగి నున్నగా అయిపోతాయి. పక్కల్లో సందు పెరుగుతుంది, ఆ సందులోంచి కింద కంకర పరుగెడుతూ కనిపిస్తుంది. వంతెన మీదైతే ఇనప దూలాల మధ్యలోంచి కృష్ణ నీళ్లు కనిపిస్తాయి, చప్పుడు చెవులు మూసుకునేంత ఉంటుంది. చెప్పుల అంచు లేచిన రేకు కింద ఇరుక్కోవడం, చీర కుచ్చిళ్లకి గ్రీజు అంటుకోవడం మా బ్యాచ్ ఆడవాళ్లందరికీ తెలిసిన విషయాలే.

ఒకసారి ఒక ఎక్స్‌ప్రెస్‌లో అమ్మని తీసుకెళ్తున్నాను. మా సీట్లు పక్క బోగీలో ఉన్నాయి. అమ్మ చేతికర్ర అడుగు రేకు పక్క సందులోకి దిగిపోయింది. అదే క్షణంలో బండి పట్టా మారింది, రేకు జరిగింది, కర్ర బిగుసుకుపోయింది. అమ్మ కర్ర వదలదు, నేను అమ్మని వదలను. వెనకే వస్తున్న టీ బాబాయ్ క్యాన్ కింద పెట్టి, అమ్మని నడుం దగ్గర పట్టుకుని ఒక్క ఊపులో అవతలికి చేర్చాడు. తర్వాత ఆయన నాతో చెప్పిన మాట ఇప్పటికీ పాటిస్తున్నాను. "రేకు మీద నిలబడద్దమ్మా. ఒక కాలు ఈ బోగీలో, ఒక కాలు ఆ బోగీలో అసలే పెట్టద్దు. అడుగు పెద్దదిగా వేసి రేకు దాటెయ్. కుదుపు వస్తుందనిపిస్తే ఇవతలే ఆగిపో." వేడి టీ క్యాన్‌తో రోజంతా ఆ దారిలో తిరిగే మనిషి చెప్పిన మాట అది. ఏ బోర్డు మీదా రాయని భద్రతా సూచన. రాస్తే ఎంత బాగుండు.

అప్పటినుంచి అమ్మ స్టేషన్లో బండి ఆగితేనే జాయింటు దాటుతుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంగ్లండులో 1869లో విక్టోరియా రాణి కోసం కట్టిన రెండు పెట్టెల మధ్య ఇలాంటి మడతల తొడుగు పెట్టారు, ఆ దేశంలో అదే మొదటిది. ఆవిడ కూడా బండి ఆపించాకే దాటేదని చెబుతారు. మామూలు ప్రయాణికులకి ఈ సౌకర్యం రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. అమెరికాలో పుల్‌మన్ కంపెనీ 1887లో ఈ ఏర్పాటుతో రైలు నడిపింది. ఇంగ్లండులో బండి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వెళ్లగలిగే రైలు 1892లో వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ సమస్య ఒక్కటే, రెండు పెట్టెలు ఎప్పుడూ ఒకేలా కదలవు.

ఎల్‌హెచ్‌బీ బోగీలు వచ్చాక నేను చాలా ఆశపడ్డాను. లోపల నిజంగానే అన్నీ బాగున్నాయి. జాయింటు దగ్గర మాత్రం నా మనసు రెండు విధాలుగా ఉంది. నేను ఎక్కిన వాటిలో ఎక్కువ వాటికి మడతల తిత్తి లేదు. తలుపు చుట్టూ రెండు పక్కలా, పైనా లావుపాటి నల్ల రబ్బరు గొట్టాలుంటాయి. ఎదురు బోగీ గొట్టాలు వీటికి ఒత్తుకుని ఉంటాయి. బిగించేది లేదు, విప్పేది లేదు. ఒక బోగీ పాడైతే దాన్ని తీసి ఇంకోటి తగిలించడం సులువు. గుడ్డలా చిరగదు కూడా. ఏళ్లు గడిచినా ఆ గొట్టాలు గట్టిగానే ఉన్నాయి, ఆ మన్నిక మెచ్చుకోవాలి.

కానీ యార్డులో? ఇక్కడ కాస్త లెక్క చూడాలి. పాత బోగీ పొడవు సుమారు 21.3 మీటర్లు, ఎల్‌హెచ్‌బీ పొడవు 23.5 మీటర్లు. కింద చక్రాల ట్రాలీలు రెండు ఉంటాయి కదా, వాటి మధ్య దూరం మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే, పాతదానికి 14.8, కొత్తదానికి 14.9 మీటర్లు. అంటే పెరిగిన పొడవంతా ట్రాలీలు దాటి బయట ఉండే చివరల్లోకి వెళ్లింది. పాత బోగీలో ఆ చివర ట్రాలీ మధ్య నుంచి 3.3 మీటర్లు ఉంటే, కొత్తదానిలో 4.3 మీటర్లు. పట్టా వంపు తిరిగినప్పుడు పక్కకి ఊగేది ఆ చివరే. ఒకే వైపు వంపైతే రెండు చివరలూ ఒకే వైపు ఊగుతాయి, జాయింటు ఒక పక్క తెరుచుకుని ఇంకో పక్క నొక్కుకుంటుంది, అంతే. ఒక లైను మీద నుంచి పక్క లైనుకి మారేటప్పుడు అలా కాదు. ముందు బోగీ తోక ఒక వైపు, వెనక బోగీ ముక్కు రెండో వైపు పోతాయి. రెండు తలుపులూ ఎదురెదురుగా లేకుండా పోతాయి.

బెజవాడ యార్డు అంటే అవే మలుపులు. చెన్నై వైపు, గుంటూరు వైపు, కాజీపేట వైపు, విశాఖ వైపు, గుడివాడ వైపు పోయే దారులన్నీ కలిసే చోటు. ప్లాట్‌ఫారం దొరికే లోపు బండి ఎన్ని పట్టాలు మారుతుందో ఆ రోజు ఇచ్చిన లైనుని బట్టి ఉంటుంది. ఆ సమయంలో రబ్బరు గొట్టాలు ఒకదాని మీద ఒకటి కీచుమంటూ రాసుకుంటాయి, ఒక పక్క సందు తెరుచుకుంటుంది, వెలుతురూ దుమ్మూ లోపలికి వస్తాయి. రేకు పక్కకి జరిగిందన్నది కాలికి స్పష్టంగా తెలుస్తుంది. బండి ఆగేటప్పుడు ముందుకీ వెనక్కీ వచ్చే కుదుపు అదనం. మెచ్చుకోవాల్సిన బోగీయే, అయినా దిగేవాళ్లంతా లేచి నిలబడే ఆ కొద్ది నిమిషాల్లో దాని జాయింటు నాకు ధైర్యం ఇవ్వదు. నా మటుకు నేను ఎల్‌హెచ్‌బీలో బండి కృష్ణ వంతెన మీద ఉండగానే నడక పూర్తి చేసేస్తాను. బండి యార్డులోకి వచ్చేసరికి ఏదో ఒక బోగీ లోపల సీటు కమ్మీ పట్టుకుని ఉంటాను.

మెము గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆఫీసు టైములో అందులో జాయింటు దారిగా మిగలదు, నిలబడే చోటైపోతుంది. సంక్రాంతి ముందు సంచులూ, పిల్లలూ, మిర్చి టిక్కీ (బస్తా) కూడా ఒకసారి చూశాను. రేకు మీద బరువు పెడితే అది జారదు, జారకపోతే వంగుతుంది. దయచేసి ఎవరూ అక్కడ సామాను పెట్టకండి, పిల్లల్ని అసలే కూర్చోబెట్టకండి. వేళ్లు నలగడానికి ఒక్క కుదుపు చాలు.

వందే భారత్ జాయింటు నాకు పూర్తిగా నచ్చింది. సికింద్రాబాద్–తిరుపతి బండి 2023 ఏప్రిల్ 8న మొదలైంది, గుంటూరులో ఆగుతుంది. అమ్మతో తిరుపతి వెళ్లిరావడానికి మాకు అదే ఆధారం. అందులో తొడుగు పూర్తిగా మూసి ఉంటుంది. దారి వెడల్పుగా ఉంటుంది, ఏసీ చల్లదనం బయటికి పోదు, కింద నేల ఎక్కడా కనిపించదు. పక్క బోగీలోకి వెళ్తున్నామన్నది తలుపు దానంతట అది తెరుచుకోవడం వల్లే తెలుస్తుంది. పట్టాలు మారేటప్పుడు మడతలు కదలడం కళ్లకి కనిపిస్తుంది, కాలికి తెలిసేది మాత్రం చాలా తక్కువ. అమ్మ మొదటిసారి నా చెయ్యి వదిలేసి కదిలే బండిలో జాయింటు దాటింది. "ఇదేదో ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టుందే" అంది. నాకు అంతకంటే మంచి రేటింగు తెలియదు.

అలాంటివే అన్ని బండ్లకీ పెట్టొచ్చు కదా అని మా బ్యాచ్‌లో వాదన వస్తుంటుంది. వందే భారత్‌లో బోగీలన్నీ ఒకే సెట్టు, రోజూ విప్పి కలిపే పని ఉండదు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో పండక్కి ఒక బోగీ కలుపుతారు, రిపేరు వస్తే ఒకటి తీస్తారు. మూసి ఉన్న తొడుగుని ప్రతిసారీ విప్పి బిగించాలంటే టైమూ, మనుషులూ కావాలి. ఆ ఇబ్బంది నేను ఒప్పుకుంటాను. అయినా ఎప్పుడూ కలిసే తిరిగే పగటి ఇంటర్‌సిటీ బండ్లకి ఇది చేయొచ్చనే నా గట్టి అభిప్రాయం. రోజూ లోపల నడిచే జనం ఎక్కువగా ఉండేది వాటిలోనే.

మన ఎండ గురించి కూడా చెప్పాలి. మే నెలలో గుంటూరు ప్లాట్‌ఫారం మీద బండి నిలబడి ఉంటే బయటి రబ్బరు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఎండ, గాలిలో ఉండే ఓజోన్ కలిసి మామూలు రబ్బరుని సన్నని చీలికలుగా పగలగొడతాయి, అదీ సాగి ఉన్న చోట ముందుగా. నియోప్రీన్, ఈపీడీఎం లాంటి రబ్బరు రకాలు వీటికి బాగా తట్టుకుంటాయి. పైకి నల్లగా అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ, మడత లోపలి వైపు చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ వెంట్రుకవాసి చీలికలు మొదలైతే వచ్చే వానాకాలానికి అది కారుతుందని అనుకోవచ్చు.

చిరిగినా, రేకు లేచినా చాలామంది చెప్పరు. సీటు విరిగితే ఆ సీటు మనిషి గొడవ చేస్తాడు, ఫ్యాను తిరగకపోతే పది మంది అరుస్తారు. జాయింటులో ఎవరి సీటూ లేదు, అందరూ దాటుకుని వెళ్లిపోతారు. నేను రైల్వే హెల్ప్‌లైన్ 139కి గానీ, రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో గానీ ఫిర్యాదు పెడుతున్నాను, ఫొటోతో సహా. ఉత్త బండి నంబరు ఇస్తే సరిపోదు. బోగీ పక్కన పెయింటుతో రాసిన పొడుగు నంబరు ఇవ్వాలి. అందులో మొదటి రెండు అంకెలు ఆ బోగీ తయారైన సంవత్సరం, దాని వయసు కూడా తెలిసిపోతుంది. ఏ వైపు జాయింటో చెప్పాలి, బాత్‌రూము పక్కదనో, ఫలానా సీటు నంబరు వైపనో. అలా వివరంగా పెట్టినవి బాగయ్యాయి, ఊరికే "జాయింటు బాలేదు" అని రాసినవి అలాగే మూసేశారు.

ఈ బోగీలు ఓవర్‌హాలింగుకి వెళ్లినప్పుడు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి మూడున్నాయి. రేకు అంచుకి పసుపు పెయింటు. దారికి రెండు వైపులా, బోగీ గోడకి, పెద్దవాళ్ల చేతికి అందే ఎత్తులో ఒక కమ్మీ. జాయింటు మీద వెలిగే లైటు. మూడింటిలో ఒక్కటే కుదురుతుందంటే కమ్మీ పెట్టమంటాను.