పెరటి పక్షుల కోసం నికాన్ పి950: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇంటి పెరట్లోకి వచ్చే పక్షులను ఫొటో తీయడానికి నికాన్ కూల్‌పిక్స్ పి950 కొనవచ్చా అని అడిగేవారికి, కొనవచ్చనే చెబుతాను. కాకపోతే అందరూ గొప్పగా చెప్పుకొనే 83 రెట్ల జూమ్‌ను చూసి కొనవద్దు. హనుమకొండలో వడ్డేపల్లి చెరువుకు దగ్గరలో ఉన్న మా ఇంట్లో ఈ కెమెరాను కొన్నేళ్లుగా వాడుతున్నాను. చెరువు గట్టు మీద నిలబడి నడినీళ్లలోని బాతులను తీసేటప్పుడు ఆ జూమ్ విలువ తెలుస్తుంది. పెరట్లో మాత్రం దూరంతో ఇబ్బంది లేదు. చెట్టు కింది చీకటి, పక్షి మరీ దగ్గరగా ఉండడం, ఈ రెండే అసలు చిక్కులు.

2020లో మార్కెట్లోకి వచ్చిన ఈ కెమెరాకు లెన్సు మార్చుకునే వీలు లేదు. 24 నుంచి 2000 మిల్లీమీటర్లకు సమానమైన లెన్సు (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలోనిది దగ్గరగా కనిపిస్తుంది), 16 మెగాపిక్సెళ్లు, సుమారు కిలో బరువు. వెలుతురును పట్టి ఫొటోగా మార్చే సెన్సార్ చాలా చిన్నది, 1/2.3 అంగుళాల రకం. జూమ్ చేయనప్పుడు లెన్సు ఎఫ్ 2.8 దాకా తెరుచుకుంటుంది గానీ, జూమ్ చివరికి వెళ్లేసరికి ఎఫ్ 6.5 కంటే ఎక్కువ తెరుచుకోదు; ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. పక్షుల విషయంలో ఈ కెమెరా మంచీ చెడ్డా చాలావరకు ఈ కొలతల్లోనే ఉన్నాయి.

రోజూ కనబడే పికిలిపిట్టలు, గోరువంకలు, మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టలు ఏ కెమెరాకైనా చిక్కుతాయి. దీని సత్తా నాకు తెలిసింది వేసవి చివర్లో, తొలి జల్లులు పడ్డ రోజుల్లో మా మామిడి చెట్టు కిందికి ఇండియన్ పిట్టా అనే వలస పక్షి వచ్చినప్పుడు. ఒంటి మీది రంగులను బట్టి నవరంగ్ అని కూడా పిలిచే ఈ పక్షి చలికాలం దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ గడిపి, గుడ్లు పొదగడానికి మధ్య భారత అడవులకూ హిమాలయ పాదాలకూ వెళుతుంది. రాత్రిళ్లు ప్రయాణించే ఈ పక్షి దారిలో అలసిపోయినప్పుడు ఇళ్ల తోటల్లో దిగడం కద్దు. కొమ్మల మీద వెతికితే పగటిపూట అంతగా కనబడదు. నేల మీద రాలిన ఆకులను ముక్కుతో ఒక్కొక్కటిగా పక్కకు విసిరేస్తూ, కింద దొరికిన పురుగులను ఏరుకుంటూ గెంతుతుంది. అందుకే చెట్టు కింద ఆకులు ఊడ్చకుండా వదిలేసిన పెరట్లోనే నిలుస్తుంది. ఈ సంగతి మా అమ్మకు నచ్చజెప్పడం కెమెరా నేర్చుకోవడం కంటే కష్టమైంది. “ఆకులు ఊడ్వకపోతె వాకిలి వాకిలి లెక్క ఉంటదారా?” అని ఇప్పటికీ అంటుంది; చివరికి మామిడి చెట్టు మొదలు చుట్టూ మాత్రం చీపురు పెట్టకూడదని ఒప్పందం కుదిరింది.

మొదటి చిక్కు దగ్గరితనం. పూర్తి జూమ్‌లో ఈ కెమెరా సుమారు 5 మీటర్ల లోపలున్న దేని మీదా ఫోకస్ చేయలేదు. మా వంటింటి కిటికీ నుంచి మామిడి చెట్టు మొదలుకు దాదాపు అంతే దూరం కాబట్టి, పక్షి రెండు గెంతులు ఇటు వేసిందంటే తెర మీద రంగుల మసక తప్ప ఇంకేమీ మిగలదు. జూమ్‌ను తగ్గించుకుంటే ఫోకస్ మళ్లీ పట్టుకుంటుంది. చిన్న పెరడున్న ఇంట్లో 2000 మిల్లీమీటర్ల అవసరం పడేది ఎప్పుడో గానీ కాదు. నా మంచి ఫొటోలన్నీ 500 నుంచి 800 మిల్లీమీటర్ల మధ్య తీసినవే.

రెండోది వెలుతురు. పిట్టా హుషారుగా తిరిగేది తెల్లవారుజామునా పొద్దుగూకే వేళా, అదీ దట్టమైన నీడలో. అంత చిన్న సెన్సార్‌తో ఐఎస్ఓ, అంటే చీకట్లో ఫొటోను వెలిగించడానికి పెంచే అంకె, 1600 దాటితే రెక్క మీది నీలి మచ్చలో ఈకల గీతలు కరిగిపోయి, రంగు పూసినట్టు కనిపిస్తుంది. ఐఎస్ఓను అంతకు మించనివ్వకుండా షట్టర్ వేగాన్ని సెకనులో అరవయ్యో వంతు దాకా తగ్గించడమే నాకు పనికొచ్చిన ఉపాయం. కెమెరాలోని వణుకు నివారణ చేతి కదలికను బాగానే అణచివేస్తుంది, పక్షి కదలికను ఆపడం మాత్రం దాని వల్ల కాదు. అదృష్టవశాత్తూ పిట్టా గెంతుకూ గెంతుకూ మధ్య ఒక్క క్షణం నిటారుగా నిలబడి, పొట్టి తోకను మెల్లగా కిందికీ పైకీ ఆడిస్తుంది. ఆ క్షణంలోనే మీట నొక్కాలి. అలా దక్కిన ఒక ఫొటోలో ముక్కు కొసకు అంటిన తడి మన్ను, కంటి మీదుగా సాగిన నల్లని పట్టీ, పొట్ట కింద కుంకుమ లాంటి ఎరుపు స్పష్టంగా వచ్చాయి. పెద్ద సైజులో అచ్చు వేయించి గోడకు తగిలించేంత నాణ్యత దానికి లేదు. ఇది ఫలానా పక్షేనని ఎవరూ కాదనలేని సాక్ష్యం మాత్రం అవుతుంది, చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్ వాడేవారికి కావలసింది అదే. సెన్సార్ పట్టిన వివరాలను కుదించకుండా దాచే రా ఫైళ్లు తీసే వీలుంది కాబట్టి నీడలను తర్వాత కొంత తేటపరచుకోవచ్చు. అంతకుముందటి పి900లో ఆ సౌకర్యం లేదు.

నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, ఎటైనా తిరిగే తెర. కెమెరాను గడప మీద బియ్యం నింపిన చిన్న సంచిపై పెట్టి, తెరను పైకి తిప్పుకుని కూర్చుంటే పక్షి కంటి ఎత్తులో ఫొటో వస్తుంది, మనమూ దానికి బెదురు పుట్టించేంతగా కనబడం. రెండోది, లెన్సు పక్కనున్న మీట. ఆకుల మధ్య పక్షి తప్పిపోయినప్పుడు దాన్ని నొక్కి పట్టుకుంటే దృశ్యం వెడల్పవుతుంది, వదిలితే మళ్లీ పాత జూమ్‌కే చేరుతుంది. కొన్న రోజే చేయవలసిన పని మాత్రం ఒకటుంది: ఫోకస్ కోసం వెలిగే దీపాన్నీ, బీప్ శబ్దాన్నీ ఆపేయాలి. ఫోన్‌లో పిట్టా కూత వినిపించి పక్షిని దగ్గరికి రప్పించే అలవాటు కొందరికి ఉంది. దూర ప్రయాణంలో అలసి తిండి వెతుక్కుంటున్న పక్షి విషయంలో అది నాకు ససేమిరా నచ్చదు. ఇంత జూమ్ చేతిలో ఉండగా దాని అవసరమూ లేదు.

ఎగిరే పక్షులకు ఇది సరిపోదు. సెకనుకు 7 చొప్పున గరిష్ఠంగా 10 ఫొటోలు వరుసగా తీసి, అవి కార్డులోకి ఎక్కేదాకా ఆగిపోతుంది. దసరాకు ఊరి బయట పాలపిట్ట రెక్కలు విప్పే క్షణాన్ని పట్టాలనుకునేవారు లెన్సు మార్చుకునే కెమెరా వైపు చూడడం మేలు. బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క సుమారు 290 ఫొటోలు, కాబట్టి రెండోది కొనక తప్పదు. వాన తడికి తట్టుకునే రక్షణ లేదు గనుక ముసురు రోజుల్లో నేను కిటికీ లోపలి నుంచే తీస్తాను, తర్వాత సిలికా జెల్ సంచులు వేసిన మూత గట్టి డబ్బాలో దాస్తాను.

ఇప్పుడు డయల్‌పై ఉన్న యు స్థానంలో పెరటి కోసం ఒక అమరిక భద్రపరచి ఉంచాను: షట్టర్ ప్రాధాన్యం (షట్టర్ వేగాన్ని మనమే నిర్ణయించే పద్ధతి), ఐఎస్ఓకు 1600 హద్దు, మధ్యలో చిన్న ఫోకస్ చుక్క, రా ఫైలు. వేసవి చివర ఒకసారి, వానలు వెనకబట్టాక పిట్టా దక్షిణానికి తిరిగి వెళ్లే రోజుల్లో మరోసారి కెమెరా వంటింటి కిటికీ దగ్గరే ఉంటుంది. ఆ నెలల్లో రెండో బ్యాటరీని రాత్రే చార్జింగ్‌కు పెడతాను.