దిండిగల్ ఇత్తడి తాళం: పధ్నాలుగేళ్ళ వాడకం తరువాత ఒక సవరణ

తమిళనాడులోని దిండిగల్ ఊళ్ళో చేసే ఇత్తడి తాళం గురించి ఇన్నేళ్ళలో నేను కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. నా మాట మీద నలుగురు కొన్నారు కూడా. "ఒకసారి కొంటే మళ్ళీ దాని జోలికి వెళ్ళనవసరం లేదు, చుక్క నూనె కూడా అడగదు" అని అందరికీ ఒకటే చెప్పాను. అందులో నూనె అడగదన్న మాట నిజమే కానీ, జోలికి వెళ్ళనవసరం లేదన్నది తప్పు. ఆ తప్పు దిద్దడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

నేను కాకినాడలో ఇళ్ళు చూసిపెట్టే పని చేసి మానేసినవాణ్ణి. ఒక ప్రైవేటు కళాశాలలో గుమాస్తాగా పదవీ విరమణ చేశాక, 2009 నుంచి 2022 చివరి వరకు, పిల్లల దగ్గరకు అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళిపోయిన వారి ఇళ్ళు మేమిద్దరం, అంటే నేనూ మా ఆవిడా, కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. ఒక్కో కాలంలో మా చేతిలో అయిదారు ఇళ్ళుండేవి. వారానికి రెండుసార్లు వెళ్ళి కిటికీలు తెరవడం, మోటారు వేసి పంపులన్నీ కాసేపు వదలడం, వాడకం లేక నీరింకిపోయిన నహానీ ట్రాపుల్లో, అంటే స్నానాలగది నేలలోని నీరు పోయే గుంటల్లో, చెంబెడు నీళ్ళు పోయడం (అవి ఎండితే డ్రైనేజీ వాసనా బొద్దింకలూ ఇంట్లోకి వచ్చేస్తాయి), గుమ్మాల మూలల్లో చెదలు చూడడం, ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం, కరెంటు బిల్లూ ఆరు నెలల ఇంటి పన్నూ కట్టడం, ఉగాదికి గుమ్మానికి మామిడాకులు కట్టడం మా పనులు. యజమానులు కోరితే రాత్రి అక్కడే పడుకునేవాళ్ళం. ఇంత పనికీ మొదలు తాళం తీయడం, చివర తాళం వేయడం. రోజుకు పది తాళాలు తీసి వేసేవాడికి తాళం మంచిచెడ్డలు తెలియకుండా పోవు.

కాకినాడ గాలి ఇనుముకు శత్రువు. సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలికి మామూలు ఇనుప తాళం రెండేళ్ళలో తుప్పు పడుతుంది, ముఖ్యంగా వారాల తరబడి ఎవరూ తాకని తాళం. రామారావుపేటలో మేము చూసిన మొదటి ఇంటికి యజమానులు వేసి వెళ్ళిన తాళం 2010 వానాకాలంలో గొళ్ళెంలోనే బిగిసిపోయి, చివరికి రంపంతో కోయించవలసి వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ ఫోనులో నన్నేమీ అనలేదు కానీ, ఎవరి తాళమో కోసిన చప్పుడు నా చెవిలో చాలా రోజులుంది.

మరుసటి జనవరిలో మేమిద్దరం మధుర, రామేశ్వరం, పళని యాత్రకు వెళ్ళాము. కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై ఎగ్మూరు, అక్కడి నుంచి వైగై ఎక్స్‌ప్రెస్‌లో మధుర. తిరుగు దారిలో పళని నుంచి బస్సులో దిండిగల్ వచ్చాము, సుమారు 60 కిలోమీటర్లు. బస్సు మారడానికి దిగిన ఊళ్ళో తాళాల దుకాణాలు చూసి ఆగిపోయాము. దిండిగల్ తాళాలకు తరాల చరిత్ర ఉంది. నీటి ఎద్దడితో సేద్యం అంతంతమాత్రంగా సాగిన ఆ ప్రాంతంలో చేతిపని వారు తాళాల తయారీ చేపట్టి ఊరికి పేరు తెచ్చారు. గుళ్ళకూ గోదాములకూ వేసే పెద్ద తాళాలు, మామిడికాయ ఆకారంలో ఉండే తాళాలు, తాళంచెవి తిప్పిన ప్రతిసారీ లోపల గంట మోగే తాళాలు అక్కడ దొరుకుతాయి. 2019లో ఈ తాళానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు, అంటే ఫలానా ఊరి సరుకు అనే ప్రభుత్వ ముద్ర) వచ్చింది. యంత్రాల మీద చేసే చౌక తాళాల దెబ్బకు ఈ చేతిపని బాగా తగ్గింది కనుక ఆ గుర్తింపు ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

మా ఆవిడకు గంట తాళం నచ్చింది. "ఏవండీ, ఇది తీసుకుందాం. ఎవరైనా తలుపు తీస్తే పక్కింటివాళ్ళకు వినిపిస్తుంది కదా" అంది. అది పిల్లల ఆటవస్తువులా ఉందని నేను వద్దన్నాను. మామూలు ఇత్తడి లివరు తాళం, రెండు తాళంచెవులతో, 900 రూపాయలకు కొన్నాను. ఆనాటికి అది తక్కువ ధరేమీ కాదు.

ఇక తాళం సంగతి. అరచేతి నిండా ఉంటుంది, అర కిలోకు తగ్గదు. లోపల చిన్న చిన్న ఇత్తడి పలకలు, అంటే లివర్లు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కొక్క దానికీ ఒక స్ప్రింగు. తాళంచెవి పళ్ళు ఒక్కో లివరునూ దానికి తగిన ఎత్తుకు సరిగ్గా లేపితేనే గడియ కదిలే దారి తెరుచుకుంటుంది. ఒక్క లివరు కాస్త ఎక్కువ లేచినా, తక్కువ లేచినా గడియ ఆగిపోతుంది. చేత్తో ఆకురాయి పట్టి చేసిన తాళం కనుక ఒకదాని తాళంచెవి ఇంకోదానికి పట్టడం దాదాపు ఉండదు. తిప్పినప్పుడు గడియ పడే శబ్దం స్పష్టంగా ఉంటుంది, చీకట్లో కూడా పడిందా లేదా అనే అనుమానం రాదు. రాత్రిపూట కరెంటు లేని వీధిలో తాళం వేసి వెనక్కి నడిచే మనిషికి ఆ శబ్దం విలువ తెలుస్తుంది.

లోపాలు కూడా చెబుతాను. తాళంచెవి పొడవు, చొక్కా జేబులో ఇమడదు. చిన్న గొళ్ళేనికి ఈ తాళం పట్టదు, మేము గొళ్ళెం మార్పించవలసి వచ్చింది. యంత్రం మీద నకలు తాళంచెవులు చేసే దుకాణాలు దీన్ని ముట్టుకోవు, ఆకురాయితో చేసే పాతకాలపు మనిషిని వెతకాలి. అన్నిటికంటె పెద్ద లోపం దుకాణం వారిది: తాళాన్ని ఎలా చూసుకోవాలో ఒక్క ముక్క చెప్పలేదు, ఒక కాగితం కూడా ఇవ్వలేదు.

రామారావుపేట ఇంటికి ఆ తాళం పన్నెండేళ్ళు ఉంది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను మా తీరానికే వచ్చింది. ఆ రోజంతా బయటకు కదలలేదు. మర్నాడు పొద్దున్నే ఇళ్ళు చూడబోతే ఒక ఇంటి ప్రహరీ మీద కొబ్బరిచెట్టు పడి ఉంది, ఇంకో ఇంటి ఇనుప తాళం నీరు తాగి మొరాయించింది. ఈ ఇత్తడి తాళం మాత్రం తాళంచెవి పెట్టగానే వెన్నలా తిరిగింది. అప్పటి నుంచే నేను అందరికీ దాన్ని పొగడడం మొదలుపెట్టాను. ఇంకొక ఇంటివారు వేలిముద్ర తాళం పెట్టించుకుని వెళ్ళారు. వారు పరదేశంలో ఉండగా దాని బ్యాటరీలు అయిపోయాయి, విడి తాళంచెవి చూస్తే ఇంటి లోపలి బీరువాలోనే ఉండిపోయింది. అప్పుడు నా ఇత్తడి తాళం మీద నాకు ఇంకా గౌరవం పెరిగింది.

2022 శ్రావణంలో మా ఆవిడ పోయింది. రాత్రి పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదు. నలభై మూడేళ్ళ కాపురం. ఆ తరువాత ఇతరుల ఇళ్ళలో కిటికీలు తెరవడానికి వెళితే, ప్రతి ఇంట్లోనూ ఆమె నీళ్ళు పోసిన తులసికోట, ఆమె మడిచి పెట్టిన పరదాలు, ఆమె చేతి రాతతో "మోటారు పది నిమిషాలే" అని స్విచ్చుబోర్డు పక్కన అంటించిన కాగితం కనిపించేవి. మనుషులు లేని ఇంటికి కావలసింది ఏమిటో మా ఇద్దరిలో నిజంగా తెలిసినది ఆమెకే. నేను బిల్లులు కట్టే మనిషిని. నాలుగు నెలలు లాగి, డిసెంబరులో ఎవరి తాళంచెవులు వారి బంధువులకు అప్పగించాను. రామారావుపేట వారు తమ సొంత తాళం వేసుకుని, ఈ ఇత్తడి తాళాన్ని నాకు తిరిగి ఇచ్చేశారు. దాన్ని మా ఇంటి వీధి తలుపుకే వేసుకున్నాను. అప్పటిదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండేవారు కనుక మా ఇంటికి పెద్ద తాళం అవసరం పడలేదు.

2023 వానల్లో తాళం పట్టెయ్యడం మొదలైంది. తాళంచెవి సగం తిరిగి ఆగిపోయేది. ఇంత పొగిడిన తాళం ఇలా చేసేసరికి కోపం వచ్చింది. పాతబడి అరిగిపోయిందనుకుని కొబ్బరినూనె పోశాను. రెండు రోజులు బాగా తిరిగింది, మూడో వారానికి అసలే కదలడం మానేసింది. ఒక సాయంకాలం కూరగాయలు పట్టుకుని నా ఇంటి బయటే గంటసేపు నిలబడ్డాను. చివరికి పాత తాళాలు బాగుచేసే ఒక పెద్దాయనను బ్రతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన ఏదో చేసి తీసి, కప్పను విప్పి వేలితో లోపల తడిమి చూశాడు.

"నూనె ఎవరు పోశారండీ ఇందులో?"

"నేనేనండి."

"నూనె పోస్తే దుమ్ము అతుక్కుని లివర్లు జిగురైపోతాయండి. ఇన్నాళ్ళూ ఇది ఇలా లేదు. అడుగున చూడండి, నల్లటి పొడి. పెన్సిలు పొడండి ఇది. ఏడాదికోసారి ఎవరో వేస్తూ వచ్చారు. తెలిసినవాళ్ళే వేశారు."

నాకు తెలియదన్నాను. ఆయన కిరసనాయిలులో లివర్లన్నీ కడిగి, ఆరబెట్టి, రెండు స్ప్రింగులు మార్చి ఇచ్చాడు. 350 రూపాయలు తీసుకున్నాడు.

వారం తరువాత చొక్కా గుండీ కుట్టుకోవడానికి దారం కోసం మా ఆవిడ కుట్టుమిషను సొరుగు తెరిచాను. గుండీల డబ్బా వెనుక చిన్న హోమియో మందు సీసా ఉంది, నిండా మెత్తటి నల్లపొడి. పక్కనే చిక్కిపోయిన రెండు పెన్సిళ్ళు, ఒక పాత బ్లేడు, కాగితం చుట్టి చేసిన సన్నటి గొట్టం, పసుపుతాడు కట్టిన రెండో తాళంచెవి. ఆమె తండ్రి రైసుమిల్లు గుమాస్తా, గోదాము తాళాలన్నీ ఆయన చేతుల్లోనే ఉండేవి. ఆమె అది చూస్తూ పెరిగింది. రామారావుపేట ఇంటికి పొద్దుటి పూట తరచు ఆమే వెళ్ళేది. అక్కడ ఎప్పుడో వానలు వెలిశాక ఆ పొడి వేసి ఉంటుంది. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు, నేను అడగనూ లేదు. తుఫాను మర్నాడు వెన్నలా తిరిగిన తాళం ఆమె చేతి చలవ. ఆ పేరు నేను దిండిగల్‌కు కట్టబెట్టాను.

కనుక ఈ తాళం కొన్నవారికి, కొనబోయేవారికి ఇలా చెబుతున్నాను. ఏడాదికి ఒకసారి, వానలు ముగిశాక కార్తీకంలోనైతే మంచిది, పెన్సిలు ములుకును బ్లేడుతో గీకి పిండిలా చేయండి. మామూలు బడి పెన్సిలు కంటె బొమ్మలు వేసుకునే 6బి రకం మెత్తటి పెన్సిలు నయం, అందులో బంకమట్టి తక్కువ, గ్రాఫైటు ఎక్కువ. కాగితపు గొట్టంతో చిటికెడు పొడిని తాళంచెవి రంధ్రంలోకి ఊదండి. తాళంచెవిని పది పన్నెండుసార్లు మెల్లగా తిప్పండి. బయటకు వచ్చిన నల్లదనాన్ని పొడిగుడ్డతో తుడవండి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, వంటనూనె ఏదీ పోయవద్దు. పైన ఆకుపచ్చ చిలుము పడితే చింతపండుతో తోమవచ్చు కానీ రంధ్రంలోకి తడి వెళ్ళనివ్వకూడదు. రెండు తాళంచెవులూ ఒకే మనిషి దగ్గర ఉంచవద్దు.

ఇంత తెలిశాక కూడా నేను ఈ తాళాన్నే మెచ్చుకుంటాను. పధ్నాలుగేళ్ళలో ఖర్చు 900కు మరో 350 మాత్రమే, అందులో 350 నా నూనె తప్పుకు. సముద్రతీరపు ఊళ్ళలో, ఎక్కువకాలం మూసి ఉండే ఇళ్ళకు దీన్ని మించినది నేను వాడలేదు. రోజుకు నాలుగుసార్లు బయటకు వెళ్ళి వచ్చే కుటుంబానికి మాత్రం దీని బరువూ తాళంచెవి పొడవూ విసుగు పుట్టిస్తాయి, వారు చిన్న తాళం కొనుక్కోవడమే మేలు. ఇక్కడి ఇనుప సామాను దుకాణాల్లో దిండిగల్ పేరుతో అమ్మేవన్నీ అక్కడివి కావు. లివర్ల సంఖ్య, స్ప్రింగులు ఇత్తడివా ఇనుపవా అన్నది అడగండి. చెప్పలేని చోట కొనకండి.

ఈ నెలలో మా మేనల్లుడు మొక్కు తీర్చుకోవడానికి పళని వెళుతున్నాడు. దారిలో దిండిగల్‌లో దిగి గంట తాళం ఒకటి తెమ్మని డబ్బు ఇచ్చాను. "ఉన్న తాళం బాగానే ఉంది కదా మావయ్యా, రెండోది ఎందుకు?" అని అడిగాడు. పెరటి తలుపుకు అని చెప్పాను.