ఫ్లోర్ ప్లాన్ ఎక్కించడం తేలికే, గదిలో గది దగ్గరే తలనొప్పి

మా ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ కోసం తీసుకున్న ఫెసిలిటీ సాఫ్ట్‌వేర్ గురించి ఇది. కంపెనీ పేరు రాయను, మా కంప్లైంట్ ఇంకా వాళ్ల దగ్గర పెండింగ్‌లోనే ఉంది.

ఆటోక్యాడ్‌లో (బిల్డింగ్ ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) గీసిన డ్రాయింగ్ ఇస్తే ఫ్లోర్ ప్లాన్ నిమిషాల్లో వచ్చేస్తుంది, అందులో వంక పెట్టడానికేం లేదు. గది చుట్టూ గీసిన పాలీలైన్, అంటే హద్దు గీత, ఎక్కడా తెగకుండా ఉండి, రూమ్ నంబర్ దాని లోపల ఉంటే చాలు, పేరూ విస్తీర్ణమూ అదే తీసుకుంటుంది. తలుపు దగ్గర గీత కలవకపోతే మాత్రం ఆ గదిని చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది, చూసుకోండి.

అసలు గొడవ గదిలో గది దగ్గర. 201 అని పెద్ద హాలు, అందులో అద్దాల పార్టిషన్‌తో రెండు క్యాబిన్లు, మూలన సర్వర్ రూమ్ ఉన్నాయనుకోండి. హాలు గీత లోపలే నాలుగు నంబర్లూ పడతాయి కదా, అందులో హాలుది ఏదో దానికి తెలియదు, ముందు దొరికింది తగిలించేస్తుంది. మా హాలుకి సర్వర్ రూమ్ నంబర్ పడింది! విస్తీర్ణం సంగతి ఇంకా ఘోరం. హాలు గీత లోపల మొత్తం 2,400 చదరపు అడుగులు, అందులో ఆ మూడు గదులవి 400 అయితే, ఇది రెండూ కలిపేసి 2,800 చూపిస్తుంది. హౌస్‌కీపింగ్‌కి అడుగుల లెక్కన బిల్లు కట్టేవాళ్లు ఆ 400కి రెండుసార్లు కట్టాల్సిందే, కాంట్రాక్టరేమీ వద్దనడు లెండి. ఫోన్ యాప్‌లో హాలు బొమ్మ పైన పరుచుకుని కూర్చుంటుంది కాబట్టి క్యాబిన్ మీద ఎంత నొక్కినా హాలే ఓపెన్ అవుతుంది, ఏసీ కంప్లైంట్ పెడితే టెక్నీషియన్ వచ్చి హాలంతా తిరిగి ఏ ఏసీయో తెలియక ఫోన్ చేస్తాడు.

దీనికి మందు ఉంది, కానీ డెమోలో ఎవరూ చెప్పలేదు. గదుల జాబితా ఎక్కించే ఇంపోర్ట్ షీట్‌లో, ఒక గది ఏ గది లోపల ఉందో చెప్పే 'పేరెంట్ రూమ్' అనే కాలమ్ మామూలుగా కనిపించదు, సెటింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. లోపలి గదుల ఎదురుగా 201 అని రాసి, వాటి గీతల్ని డ్రాయింగ్‌లో వేరే లేయర్‌లోకి (ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో ఇంకోదానికి) మార్చి ఎక్కిస్తే పేర్లు, అడుగులు, నొక్కుడు అన్నీ సరిపోతాయి. షీట్‌లో హాలు వరస పైన ఉండాలి, కింద ఉంటే ఎర్రర్ కొడుతుంది. ఎక్కించేశాక పేరెంట్ పెడితే అడుగులు సరవుతాయి గానీ బొమ్మ మారదు, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సిందే. ఇంత చేశాక ఆర్కిటెక్ట్ ఒక గోడ జరిపి కొత్త డ్రాయింగ్ పంపితే, దాన్ని ఎక్కించగానే పేరెంట్ కాలమ్ మొత్తం ఖాళీ. మేం పెట్టిన కంప్లైంట్ దీని మీదే.

సపోర్ట్ వాళ్లు ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, ప్రతిసారీ కొత్త మనిషి కాబట్టి కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి.

కొనే ముందు వాళ్ల శాంపిల్ ప్లాన్ చూసి తలూపకండి, మీ డ్రాయింగే ఇచ్చి మీ ఎదురుగా ఎక్కించమనండి. గదిలో గది లేని చిన్న ఆఫీసులైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నేను మూడు స్టార్లు ఇస్తున్నాను. అన్నట్టు, గదుల పేర్లు తెలుగులో పెడితే తెర మీద బాగానే కనిపిస్తున్నాయి, పీడీఎఫ్ తీస్తే అక్షరాల బదులు అన్నీ డబ్బాలే.