తాతామనవళ్లు కలిసి చేయడానికి ఏది మేలు: మన జంతువుల ఆసనాలా, చైనా వాళ్ల ఐదు జంతువుల ఆటా?

జంతువుల్ని చూసి ఒళ్లు వంచడం మనకు కొత్తేమీ కాదు. హఠయోగం గురించిన పాత గ్రంథం ఘేరండ సంహితలోని 32 ఆసనాల్లో నెమలి, కోడి, తాబేలు, కప్ప, ఒంటె, మొసలి, పాము, సింహం... దాదాపు జూ అంతా ఉంది. చైనా వాళ్లకు మాత్రం ఐదే: పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి. ఆ ఆట పేరు వూ చిన్ షీ. సుమారు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు హువా తువో దీన్ని తన శిష్యుడికి నేర్పాడట. ఆ శిష్యుడికి తొంభై దాటినా కళ్లు, చెవులు, పళ్లు చక్కగా ఉన్నాయని పాత చైనా చరిత్ర గ్రంథం చెబుతుంది. తిరిగే తలుపు బందు పుచ్చిపోదు, కదిలే ఒళ్లూ అంతేనన్నది గురువుగారి పోలిక.

ఇంట్లో చేయాలనుకుంటే తేడా వచ్చేది నేల దగ్గరే. మన జంతువుల ఆసనాల్లో ఎక్కువ భాగం కింద కూర్చునో, పడుకునో చేసేవి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పిల్లి భంగిమ కోసం కిందకు దిగడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. పిల్లాడి టెన్షన్ వేరు: ఒకే భంగిమలో కదలకుండా ఉండమంటే పది లెక్కపెట్టేలోపే జారుకుంటాడు.

చైనాలో 2003లో ఖరారు చేసిన పద్ధతిలో ఒక్కో జంతువుకు రెండేసి కదలికలు, అన్నీ నిలబడే. మధ్యవేలు, ఉంగరపు వేలు మడిస్తే జింక కొమ్ములు. వేళ్లన్నీ కొసల దగ్గర కలిపితే కోతి చెయ్యి, దాంతో పండు కోయాలి. రెండు గుప్పిళ్లూ పొట్ట ముందు పెట్టుకుని నడుము గుండ్రంగా తిప్పితే ఎలుగుబంటి. "నానమ్మా, నువ్వు ఎలుగుబంటివి కాదు, ఏనుగువి!" అన్నాడు మావాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడింది.

తమాషా ఏమిటంటే, పాత పద్ధతి ఇంత మెత్తన కాదు. పాతకాలపు చైనా పండితుడు తావో హోంగ్‌జింగ్ పేరుతో ఉన్న వర్ణనలో పులి నాలుగు కాళ్ల మీద ముందుకు మూడు గెంతులు, వెనక్కి రెండు గెంతులు వేస్తుంది. కోతి దేన్నో పట్టుకుని వేలాడుతుంది. అది పిల్లల వాటా. పెద్దవాళ్లు నిలబడి చేసేది చేస్తుంటే, వీళ్లు పక్కన పాతది గెంతుకోవచ్చు.

చిక్కు ఒకటుంది. కోతి మడమలెత్తుతుంది, పక్షి ఒంటికాలి మీద నిలబడుతుంది. పెద్దవాళ్లు కుర్చీ వీపు పట్టుకోవాలి. పులి ముందుకు వంగేటప్పుడు తల తిరిగేవాళ్లు అది వదిలేయడమే నయం.

నా ఓటు ఐదు జంతువులకే. ఏళ్లుగా ఆసనాలు వేస్తున్న తాతయ్యకైతే మార్చుకోమని చెప్పను, ఆయనకు నేల అలవాటే. సింహాసనం, అంటే సింహం భంగిమ, మాత్రం ఆసనాలు ఎంచుకున్నా, ఐదు జంతువులు ఎంచుకున్నా ఉండాలి. దానికి మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం కుదరనివాళ్లు కుర్చీలో కూర్చునే నాలుక బయటపెట్టి గర్జించవచ్చు. మా ఇంట్లో రోజూ చివర్లో అదే, పక్కింటివాళ్లు పడుకోకముందే.