పోస్టాఫీసు పాతిక రూపాయల జెండా: గుడ్డ, కుట్టు, కట్టే తీరు

పంద్రాగస్టు దగ్గర పడితే నెల్లూరు ట్రంకు రోడ్డు మీదా ఒంగోలు బజార్లలోనూ జెండాలు కుప్పలుగా దిగుతాయి. వాటన్నిటిలో నమ్మి కొనదగ్గది పోస్టాఫీసు జెండా. 2022లో ఇంటింటా జెండా ఎగరేయమని కేంద్రం 'హర్ ఘర్ తిరంగా' మొదలుపెట్టినప్పుడు దీన్ని అమ్మకానికి పెట్టారు. పాలిస్టర్ గుడ్డ, 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు, ధర 25 రూపాయలు. జీఎస్టీ లేదు. కర్ర మాత్రం రాదు, మనమే చూసుకోవాలి.

కౌంటర్ దగ్గరే విప్పి చూడండి. పొడవును మూడు మడతలు, వెడల్పును రెండు మడతలు వేస్తే సరిచదరం రావాలి. రాకపోతే 3:2 కొలత తప్పినట్టే. రోడ్డు పక్క జెండాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. తర్వాత నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సగానికి మడిచి విప్పితే రెండు గీతలూ చక్రం నడిబొడ్డున కలవాలి. చక్రం గుండ్రంగా, 24 ఆకులతో, రెండు వైపులా కనపడాలి. ఒక వైపే అచ్చు పడి రెండో వైపు వెలిసినట్టుంటే మార్చి ఇమ్మనండి. కోట్లలో అచ్చేసే సరుకులో ఇలాంటివి దొర్లుతాయి.

ఈ జెండా ముందుగా పాడయ్యేది కర్రకు దూరంగా ఉండే అంచు. గాలికి కొట్టుకునేది అదే కాబట్టి అక్కడి కుట్టు ఊడి, పోగులు లేస్తాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో ఇంకా తొందరగా చిరుగుతుంది. కట్టకముందే దర్జీ దగ్గర ఆ అంచును రెండు మడతలు పెట్టి ఇంకో వరస కుట్టించండి. కర్ర నున్నగా ఉండాలి. వెదురు ఈనెలు గుడ్డను చీలుస్తాయి. మిద్దె మీద ఎప్పుడూ ఎగరాలనుకుంటే ఇది చాలదు. ఎండకి రంగు వెలుస్తుంది, వెలిసిన జెండా ఎగరేయకూడదు.

బాల్కనీ నుంచి ఏటవాలుగా పెడితే కాషాయం కర్ర చివరి వైపుండాలి. గోడకు నిలువుగా వేలాడదీస్తే చూసేవాళ్ల ఎడమచేతి వైపు కాషాయం రావాలి. చాలా ఇళ్లలో తిరగబడేది ఈ నిలువు జెండానే. బైకు మీదా, కారు బానెట్ మీదా కప్పడం కుదరదు. కారు మీద ఎగరేసే అవకాశం రాష్ట్రపతి మొదలుకొని కొన్ని పదవుల్లో ఉన్నవాళ్లకే. ఫ్లాగ్ కోడ్‌కు, అంటే జెండా వాడకం నియమాలకు, 2022 జులైలో చేసిన సవరణ తర్వాత ఇంటి మీద రాత్రిపూట కూడా ఉంచవచ్చు.

బడికో, ఆఫీసుకో అయితే ఖాదీ జెండా మేలు. ఆ నియమాల్లో 2021 డిసెంబరు 30 సవరణ దాకా పాలిస్టర్‌కు చోటే లేదు, చేత్తో వడికి నేసిన నూలు, ఉన్ని, పట్టు ఖాదీయే జెండా. పెన్నా ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని 1921లో గాంధీగారు ప్రారంభించిన నెల్లూరు జిల్లాలో ఆ గుడ్డ మీద మమకారం ఉండటం సహజం. కర్ణాటకలో హుబ్బళ్ళి బెంగేరి ఖాదీ సంఘం కుట్టే జెండా ఐఎస్ఐ ప్రమాణంతో వస్తుంది. ధర ఎన్నో రెట్లు ఎక్కువే, పనితనం కూడా.

ఇక అమ్మే తీరు. కొన్నిచోట్ల ఇది కొనుక్కునే వస్తువులా కాక వసూలులా మారింది. 2022లో హర్యానా కర్నాల్ జిల్లాలో 20 రూపాయల జెండా కొంటేనే రేషన్ ఇస్తానన్న డీలర్ లైసెన్సు సస్పెండ్ చేశారు. ఆ పని సరైనది. ప్రతి ఇల్లూ జెండా ఎగరేయాలని ఫ్లాగ్ కోడ్‌లో ఎక్కడా లేదు. ఎగరేయడం పౌరుడి హక్కని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. సినిమాహాళ్లలో జనగణమన తప్పనిసరి అన్న 2016 ఉత్తర్వును కూడా 2018 జనవరిలో ఆ కోర్టే సడలించి, వేయడం హాలు వాళ్ల ఇష్టమంది. కాబట్టి అపార్ట్‌మెంట్ సంఘమో, రేషన్ కొట్టో, ఆఫీసో 'కొనాల్సిందే, ఫొటో పెట్టాల్సిందే' అంటే నిలదీయండి. బలవంతంగా అంటగట్టిన జెండాకి ఇంట్లో చోటుండదు. పదహారో తారీకున కాలవల్లో, చెత్తబండ్లలో కనపడేవాటిలో అలాంటివీ ఉంటాయి. జెండా మీద ప్రేమున్నవాళ్లకి అంతకంటే కష్టం కలిగించే దృశ్యం లేదు.

వాడాక చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి, ఇస్త్రీ చేస్తే తక్కువ వేడి చాలు. మడిచేటప్పుడు కాషాయం, ఆకుపచ్చ రెండూ తెలుపు కిందికి పోవాలి. తర్వాత రెండు పక్కల నుంచీ మడిస్తే పైన చక్రం, కాస్త కాషాయం, కాస్త పచ్చ మిగులుతాయి. చిరిగిపోతే ముక్కలు చేయకుండా మొత్తంగా, నలుగురి కంటా పడకుండా కాల్చాలి. పాలిస్టర్ కరిగి కారుతుంది, పొగ ఘాటు. ఇంటి వెనక ఆరుబయట ఇనప బొచ్చెలో పెట్టి దూరంగా నిలబడండి. పూడిస్తే ఈ గుడ్డ మట్టిలో కలవదు. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో అచ్చేసిన చీటీ ఒకటి జెండాతో పాటు ఇవ్వడం పోస్టాఫీసుకి పెద్ద పనేం కాదు. వచ్చే ఆగస్టుకైనా పెట్టాలి.