చెక్క యాట్ కొనబోతున్నారా? మెరిసే వార్నిష్ చూసి మాలా పడిపోకండి

రాద్దామా వద్దా అని రెండు నెలలు ఊగిసలాడాను. మాకు పడవ అమ్మిపెట్టిన బ్రోకరే ఇప్పుడు ఇంకో చెక్క పడవ అమ్మకానికి పెట్టాడని తెలిశాక ఇక ఊరుకోలేక రాస్తున్నాను. పేర్లు చెప్పను, గొడవ ఇంకా నడుస్తోంది. పాత చెక్క యాట్, అంటే తెరచాప పడవ, ఒకటి కొనుక్కుని, అందులోనే కాపురం పెట్టి, ఉష్ణమండలపు దీవుల మధ్య తీరిగ్గా తిరుగుదామని కలలు కంటున్నవాళ్ళు మాత్రం అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి ఇది చదవండి.

మేం కొన్నది 38 అడుగుల కెచ్, అంటే రెండు మాస్టుల (తెరచాప స్తంభాల) పడవ. 1960ల్లో కట్టింది. ఓక్ పక్కటెముకల మీద మహాగనీ పలకలు, పైన టేకు డెక్. కేబిన్ పక్కలకి వేసిన వార్నిష్‌లో మొహం చూసుకోవచ్చు. మా ఆవిడ డెక్ మీద కాలు పెడుతూనే "ఇదే" అంది, నేనూ మనసులో అదే అనుకున్నాను, ఆ మాట ఓనర్ విన్నాడు, ఇక బేరం ఏముంటుంది!

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆయన మాకు అబద్ధాలు పెద్దగా చెప్పలేదు. చెప్పినవన్నీ చెక్క పడవల గురించి ఎవరైనా చెప్పే నిజాలే. మేం మోసపోయింది వాటితోనే.

మొదటిది, "చెక్క పడవ అన్నాక కొంచెం కారుతుందండీ, పలకలు ఉబ్బితే అదే ఆగిపోతుంది." నిజమే. పలకల సందుల్లో పత్తి తాడు కూరి పైన లప్పం పెడతారు. పడవని ఒడ్డున ఎండలో నిలబెడితే పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి, మళ్ళీ నీళ్ళలోకి దించాక చెక్క నీళ్ళు తాగి ఉబ్బి మూసుకుంటాయి. అందుకే దించిన రోజు రాత్రంతా పడవని క్రేన్ పట్టీల్లోనే వేలాడదీసి ఉంచే పడవల మరమ్మతు యార్డులు కూడా ఉన్నాయి. కానీ ఈ పడవని ఆయన చివరిసారి ఒడ్డుకెక్కించి, మళ్ళీ నీళ్ళలోకి దించి ఏడాది దాటింది. ఏడాదిగా నీళ్ళలో నానుతున్న పడవకి ఇంకా ఉబ్బడానికి ఏం మిగిలిందని అడగాలన్న ఆలోచన మాకు రాలేదు.

రెండోది, "ఉప్పునీళ్ళు చెక్కకి మందు లాంటివి." ఇదీ నిజమే. చెక్కని కుళ్ళబెట్టే బూజుకి కావాల్సింది వాననీళ్ళు, వేడి, గాలాడని మూల. ఉప్పు దానికి పడదు. వెనకటి ఓడలు కట్టేవాళ్ళు పక్కటెముకల మధ్య రాళ్ళుప్పు పోసేవాళ్ళు, ఇప్పటికీ తెలిసినవాళ్ళు సాయంత్రం పూట డెక్‌ని సముద్రపు నీళ్ళతోనే కడుగుతారు. అయితే ఉష్ణమండలంలో మధ్యాహ్నం కుండపోత వాన పడి వెంటనే ఎండ కాస్తుంది, ఆ వాననీళ్ళు డెక్ కింద దూలాల చివర్లలో చేరి కూర్చుంటాయి. మా పడవ కుళ్ళింది అక్కడే, పైనుంచి కిందికి.

టేకు సంగతీ అంతే. బొంబాయిలో టేకుతో కట్టి 1817లో నీళ్ళలోకి దించిన హెచ్ఎంఎస్ ట్రింకోమలీ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఇప్పటికీ తేలుతూనే ఉంది, టేకు చావదు అన్నాడు. నిజం. కాకపోతే ఆ ఓడ మొత్తం టేకు, మా డెక్ మాత్రం ప్లైవుడ్ మీద సన్నటి టేకు పట్టీలు పరిచి స్క్రూలు దించింది. వందల స్క్రూలంటే ప్లైవుడ్‌లోకి వందల దారులు. పైన టేకు నిక్షేపంలా ఉంది, కింద ప్లైవుడ్ నానిన అట్టముక్క అయిపోయింది.

కొనేముందు నిపుణుడితో పడవని పరీక్ష, అదే సర్వే, చేయించలేదా అంటారు. చేయించాం. బ్రోకర్ చెప్పిన సర్వేయర్‌తోనే చేయించాం, మా మొదటి తప్పు అది. యార్డు వాళ్ళు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే టైములో పడవని పట్టీల మీద పైకెత్తి ముప్పావుగంట వేలాడదీశారు. ఆయన తడి పడవ మీద సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి చూశాడు. ఒకట్రెండు స్క్రూలు పీకి చూడండి అంటే ఓనర్ "లేని చిల్లు కొత్తగా ఎందుకండీ పెట్టడం" అని నవ్వాడు, మేమూ నవ్వాం. రిపోర్టు మొదటి పేజీలో "పడవ పరిస్థితి బాగుంది" అని ఉంది. పదకొండో పేజీలో "స్క్రూలు, కీల్ బోల్టులు బయటికి తీసి పరిశీలించలేదు" అని ఒక్క వాక్యం ఉంది (కీల్ అంటే పడవ అడుగున పొడవునా ఉండే వెన్నెముక లాంటి దూలం). దాని విలువ తర్వాత తెలిసింది.

మెరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, ఉన్న పది రోజులూ ఏ తేడా లేదు, బిల్జ్, అంటే పడవ లోపల అడుగున నీళ్ళు చేరే చోటు, పొడిగానే ఉండేది. పదకొండో రోజు ఒక చిన్న అఖాతంలో లంగరు వేసి పడుకున్నాం. రాత్రి మూడింటికి మంచం దిగితే కాలు చీలమండ దాకా నీళ్ళలో పడింది. టార్చ్ వేస్తే చెప్పులు తేలుతున్నాయి. జరిగిందేంటంటే, మెరీనాలో ఒడ్డునుంచి కరెంటు ఉండేది కాబట్టి ఆటోమేటిక్ పంపు గంటకోసారి తనంతట తనే ఆన్ అయి నీళ్ళు తోడేస్తోంది, బ్యాటరీ ఎప్పుడూ ఫుల్లుగానే ఉంటోంది. లంగరు వేశాక కరెంటు లేదు, బ్యాటరీ పడిపోయింది, పంపు ఆగిపోయింది. తెల్లారేదాకా ఇద్దరం వంతులేసుకుని చేతిపంపు కొట్టాం. నా అరచేతుల బొబ్బలు తగ్గడానికి వారం పట్టింది, టెన్షన్ మాత్రం ఇంకా తగ్గలేదు.

ఎలాగో దగ్గర్లోని యార్డుకి చేర్చి ఒడ్డుకెక్కించాం. అక్కడ చెక్క పడవల పని చేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ముందు ఏమీ మాట్లాడలేదు. కీల్‌ని ఆనుకుని ఉండే కింది పలక దగ్గర కూర్చుని, స్క్రూ మీద కప్పిన చిన్న చెక్క బిరడాని సన్నటి ఉలితో తీసి, స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారు. అర చుట్టు తిరిగిందో లేదో స్క్రూ తల ఊడి ఆయన అరచేతిలో పడింది. దాన్ని బొటనవేలి గోటితో గీరి నాకు చూపించారు. లోపల గులాబీ రంగు, నానిన ఇటుకలా పొడి రాలుతోంది. "ఇత్తడి బాబూ" అన్నారు, అంతే.

సముద్రపు నీళ్ళలో ఇత్తడిలోని జింకు కరిగి వెళ్ళిపోతుంది, మిగిలేది బలం లేని రాగి గుల్ల. అక్కడ ఉండాల్సింది సిలికాన్ బ్రాంజ్ స్క్రూలు. ఎప్పుడో ఎవరో రిపేరు చేస్తూ చవగ్గా అయిపోతుందని ఇత్తడివి బిగించేశారు. ఆ రోజు ఇరవై తీయిస్తే పదమూడు విరిగాయి. అంటే పలకల్ని పట్టి ఉంచింది చాలావరకు పెయింటూ, అలవాటూ!

తర్వాత కీల్ అడుగు. పడవని యార్డులో దిమ్మల మీద కూర్చోబెట్టి పెయింట్ వేస్తారు కదా, దిమ్మ ఆనిన చోటికి బ్రష్ వెళ్ళదు. దిమ్మలు జరిపి ఆ ముక్కలకి కూడా విషపు పెయింట్, అదే యాంటీఫౌలింగ్, వేయాలి. మా పడవకి అలా ఎవరూ వేయలేదు. అరచెయ్యంత వెడల్పున నాలుగు చోట్ల బూడిదరంగు చెక్క అలాగే ఉంది, వాటి మీద గుండుసూదితో గుచ్చినట్టు చిల్లులు. పెద్దాయన ఒకదాంట్లో మొనదేలిన ఊచ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. షిప్‌వార్మ్. పేరుకి పురుగు గానీ అది ఆల్చిప్పల జాతి జీవి. పిల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనని చిల్లు పెట్టుకుని లోపలికి దూరుతుంది, అక్కడే పెరుగుతూ చెక్కని తొలుస్తుంది, సొరంగం గోడలకి తెల్లటి సున్నపు పూత వేసుకుంటుంది. బయటి చిల్లు మాత్రం పెరగదు. వెచ్చటి నీళ్ళలో పెయింట్ లేని చెక్క దొరికితే కొన్ని నెలలు చాలు దానికి. కొలంబస్ నాలుగో యాత్రలో మిగిలిన రెండు ఓడలూ ఈ పురుగు తినేసి జల్లెడైపోతే, 1503లో వాటిని జమైకా ఒడ్డుకి ఎక్కించేసి ఏడాదిపాటు అక్కడే పడి ఉన్నాడు. ఐదొందల ఏళ్ళ కిందటి సంగతి. మనం మాత్రం ఇంకా వార్నిష్ చూసి పడవలు కొంటున్నాం.

ఇంకో వింత. ఓనర్ గర్వంగా చూపించిన వాటిలో అడుగున బిగించిన జింకు దిమ్మలు కూడా ఉన్నాయి, లోహాలని ఉప్పునీళ్ళు తినేయకుండా ఎన్ని పెట్టానో చూడండి అన్నాడు. అవి మరీ ఎక్కువైతే కంచు ఫిట్టింగుల చుట్టూ క్షారం పుట్టి చెక్క నారని కలిపి ఉంచే పదార్థాన్నే తినేస్తుందట. మా పడవలో నీళ్ళ గొట్టాల ఫిట్టింగుల చుట్టూ సోడా పేరుకున్నట్టు తెల్లగా ఉంది, వేలితో నొక్కితే చెక్క దిగబడింది.

ఇన్సూరెన్సు వాళ్ళకి క్లెయిమ్ పెడితే పదకొండో పేజీలోని ఆ వాక్యమే చూపించారు. తుప్పు, కుళ్ళు, పురుగు లాంటి మెల్లగా వచ్చే నష్టాలు పాలసీలో లేవన్నారు. నిజానికి చాలా పాలసీల్లో అంతేనట, చదువుకోవాల్సింది మేమే. తుఫానుల సీజన్ మొదలయ్యేలోపు ఆ ప్రాంతం దాటి వెళ్ళిపోవాలన్న షరతు కూడా ఉంది. కింద ఏడు పలకలు ఊడదీసి ఉన్న పడవతో ఎక్కడికి వెళ్తాం?

కొనే ఆలోచన ఉంటే ఇవి మాత్రం వదలకండి. సర్వేయర్‌ని మీరే వెతుక్కోండి, చెక్క పడవలు కట్టినవాడో బాగుచేసినవాడో అయితే మంచిది, ఫైబర్‌గ్లాస్ పడవలే చూసేవాడు వద్దు. పడవని వేలాడదీస్తే సరిపోదు, దిమ్మల మీద నిలబెట్టి ఒకట్రెండు రోజులు ఆరనివ్వాలి. కనీసం పది పన్నెండు స్క్రూలు, అవీ వేర్వేరు చోట్ల, తీయించండి, కీల్ బోల్టు ఒకటైనా బయటికి లాగి చూడమనండి. ఓనర్ ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచే నమస్కారం పెట్టి వచ్చేయండి. నీళ్ళలో ఉన్నప్పుడు పంపు స్విచ్ ఆపేయించి, బిల్జ్‌లో నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, రాత్రంతా పడవలోనే పడుకుని, పొద్దున్నే చూడండి. ఖర్చు లేని పరీక్ష ఇది, మాకు తట్టలేదు. పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్ళి లాకర్ల మూలల్లో చెయ్యి పెట్టి, వాసన చూడండి. పాత పలకల మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసిన పడవైతే, ఎందుకు వేయాల్సి వచ్చిందో గట్టిగా అడగండి, లోపల తడి బందీ అయిపోతే పైకి ఏమీ కనపడదు.

చెక్క పడవలే వద్దని నేననను. పెద్దాయన సొంత పడవ మా పక్కనే ఉంది, నా వయసుకంటే పెద్దది, తెల్ల పెయింట్ వెలిసిపోయింది, వార్నిష్ అసలు లేదు, డెక్ మీద ఎండకి గుడ్డ పందిరి, రోజూ సాయంత్రం ఉప్పునీళ్ళ బకెట్. బిల్జ్‌లో దుమ్ము ఉంది, నీళ్ళు కాదు.

ఆ బ్రోకర్ కొత్త ప్రకటన నిన్న మళ్ళీ చూశాను. "చుక్క కారదు, ఎక్కి తెరచాప ఎత్తడమే" అని రాశాడు. ముప్పై ఒక్క ఫొటోలున్నాయి, అన్నీ పడవ నీళ్ళలో ఉండగా తీసినవే. ఒక దాంట్లో గట్టు మీదనుంచి పడవలోకి వెళ్ళే పసుపు రంగు కరెంటు వైరు కూడా కనిపిస్తోంది.