నేమ్డ్ రేంజ్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నేమ్డ్ రేంజ్ అంటే ఒక సెల్‌కో, కొన్ని సెల్‌ల గుంపుకో మనం పెట్టుకునే పేరు. ఒంటరి సెల్‌కి పేరు పెట్టడం ఎక్సెల్‌లో అలవాటు చేసుకోవాల్సిన మంచి పనుల్లో ఒకటి. రోజూ పెరిగే జాబితాకి పేరు పెట్టడం మాత్రం కోరి తెచ్చుకునే తలనొప్పి. చాలా ఏళ్లుగా పెద్ద పెద్ద వర్క్‌బుక్‌లతో కుస్తీ పట్టాక నాకు తేలింది ఇదే.

ఫార్ములాలో =డి7*రేట్స్!$బి$4 అని ఉంటే, ఆ బి4లో ఏముందో చూడ్డానికి ఇంకో షీట్‌కి వెళ్లి రావాలి. ఆ సెల్‌కి కమిషన్_రేట్ అని పేరు పెడితే ఫార్ములా =డి7*కమిషన్_రేట్ అవుతుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరు తెరిచినా చదవగానే అర్థమైపోతుంది. ఫార్ములాని కాపీ చేసినా అడ్రస్ మారకుండా పెట్టే డాలర్ గుర్తుల గొడవ కూడా ఉండదు. సెల్ మీద క్లిక్ చేసి, ఫార్ములా బార్‌కి ఎడమవైపున్న నేమ్ బాక్స్‌లో పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు. ఎంటర్ కొట్టకుండా పక్కన క్లిక్ చేస్తే మాత్రం పేరు నిలవదు.

పేరులో ఖాళీలు ఉండకూడదు, అంకెతో మొదలవకూడదు అన్నవి అందరికీ తెలిసినవే. చిక్కంతా టాక్స్2024 లాంటి పేర్లతో. ఇంగ్లిష్‌లో టి, ఏ, ఎక్స్ అని మూడక్షరాలు కొట్టి 2024 చేర్చి చూడండి, పేరు పడదు సరికదా, కర్సర్ ఎక్కడో దూరాన ఉన్న ఖాళీ సెల్‌కి దూకుతుంది. ఎక్సెల్ 2007లో కాలమ్‌లు 256 నుంచి 16,384కి పెరిగాయి, దాంతో ఆ మూడక్షరాల కాలమ్ నిజంగానే ఉంది, అందుకే ఎక్సెల్ దాన్ని సెల్ అడ్రస్ అనుకుంటుంది. మధ్యలో ఒక అండర్‌స్కోర్ పెడితే సరి.

ఇక జాబితాల సంగతి. రేంజ్ మధ్యలో వరుస చేరిస్తే పేరు దానంతటదే సాగుతుంది. చివరి వరుస కింద కొత్త డేటా వేస్తే సాగదు. ఎర్రర్ ఏమీ రాదు, మొత్తం మాత్రం తక్కువ చూపిస్తుంది. ఎర్రర్ వస్తే కనీసం వెతుకుతాం కదా! దీనికి ఆఫ్‌సెట్ అనే ఫంక్షన్‌తో సాగే రేంజ్ కట్టడం పాత పద్ధతి. కానీ షీట్‌లో ఏ మూల ఏం మారినా ఆఫ్‌సెట్ మళ్లీ లెక్క వేస్తుంది కాబట్టి పెద్ద ఫైల్ నత్తనడక నడుస్తుంది. ఇండెక్స్, కౌంట్‌ఏ ఫంక్షన్‌లు కలిపి రాస్తే ఆ బాధ తక్కువ. నేనైతే కంట్రోల్ + టితో జాబితాని, కింద డేటా వేస్తే దానంతటదే పెరిగే టేబుల్ చేసేసి, డ్రాప్‌డౌన్‌కి కావాల్సినప్పుడు మాత్రం ఆ టేబుల్ కాలమ్‌కి ఒక పేరు పెడతాను. డ్రాప్‌డౌన్ తయారుచేసే డేటా వ్యాలిడేషన్ టేబుల్ కాలమ్ పేరుని నేరుగా తీసుకోదు, మనం పెట్టిన పేరు ద్వారా ఇస్తే తీసుకుంటుంది.

కంట్రోల్ + ఎఫ్3 కొడితే వచ్చే, పేర్లన్నీ ఒకచోట చూపించే నేమ్ మేనేజర్ పనికొచ్చేదే, కానీ ఓపిక పరీక్షిస్తుంది. కింద ‘రిఫర్స్ టు’ పెట్టెలో అడ్రస్ సరిదిద్దుదామని యారో కీ నొక్కితే, కర్సర్ కదలకుండా మధ్యలో ఇంకో సెల్ అడ్రస్ వచ్చి పడుతుంది. ముందు ఎఫ్2 నొక్కాలి. ఇన్నేళ్లయినా దీన్ని ఎందుకు మార్చలేదో!

షీట్‌ని కాపీ చేస్తే దానిలోని పేర్లకి ఆ కొత్త షీట్‌కే పరిమితమైన జంట పేర్లు పుట్టుకొస్తాయి. పదిమంది చేతులు మారిన ఫైల్‌లో ఈ చెత్త గుట్టలుగా ఉంటుంది. మేనేజర్‌లోని ఫిల్టర్‌లో ఎర్రర్ ఉన్న పేర్లను మాత్రమే ఎంచుకుని తీసేయొచ్చు. అయితే ఆ పేరుని ఏ ఫార్ములా అయినా వాడుతోందేమో ముందు చూసుకోవాలి, లేకపోతే అక్కడ నేమ్ ఎర్రర్ వస్తుంది.

ఎక్సెల్‌లో సెల్‌తో పని లేకుండా పేరులోనే ఒక విలువని దాచొచ్చు. నాకది నచ్చదు. షీట్‌లో కనిపించని రేటుని ఎవరు సరిచూస్తారు? గూగుల్ షీట్స్‌లో నేమ్డ్ రేంజ్ సెల్‌లకి మాత్రమే పెట్టగలం కాబట్టి అక్కడ ఆ టెన్షన్ తక్కువ.